అన్న కోడు రాస్తాడు కాబట్టి అన్నీ భరించాలా?

ప్రశ్న: నమస్తే మేడం. నేను హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. మా ల్యాబ్ మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ (కోడు ఎవరైనా చూసి, మార్పులు పంపగల) సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది. వర్షపాతం డేటాని శుభ్రం చేసి, సగటులు, కరువు సూచికలు లెక్కగట్టే పైథాన్ లైబ్రరీ. విశాఖ, పుణె, జర్మనీ, అమెరికా నుంచి పదిహేను మంది దాకా పనిచేస్తారు. సగానికి పైగా కోడు రాసినాయన అమెరికాలో ఉంటారు. మన తెలుగాయనే, అందరం అన్న అని పిలుస్తాం. చాలా తెలివైనవారు. కానీ కొత్తవాళ్లు కోడు పంపితే "ఇది కోడా, చెత్తా?", "నీకు పీహెచ్‌డీ సీటు ఎవరిచ్చారు?" అని అందరి ముందూ రాసేస్తారు. ఇద్దరు జూనియర్లు మానేశారు.

పోయిన నెల ఇంకోటి జరిగింది. గుంటూరు నుంచి ఒక బీటెక్ అమ్మాయి మొదటిసారి కోడులో ఒక చిన్న మార్పు చేసి పంపింది. దాన్ని చూడాల్సిన మా ల్యాబ్ పోస్ట్‌డాక్ రాత్రిళ్లు ఆమెకి విడిగా మెసేజ్‌లు పెట్టి ఫోటో అడిగారట. వీడియో కాల్‌కి వస్తే ఆ మార్పుని వెంటనే ప్రాజెక్టులో కలిపేస్తానన్నారట. ఎవరికీ చెప్పొద్దని నాతో చెప్పింది. అన్న సంగతి మాత్రం మా గైడ్‌కి చెప్పాను. "సర్దుకుపోండమ్మా, ఇప్పుడు రూల్స్ పెడితే ఆయన వెళ్లిపోతాడు, సాఫ్ట్‌వేర్ ఆగిపోతుంది" అన్నారు. ఇంటర్నెట్‌లో దొరికిన ప్రవర్తనా నియమావళి ఒకటి తెచ్చి ప్రాజెక్టులో పెట్టాను, మీకూ పంపుతున్నాను. ఎవరూ చదివినట్టు లేరు. ఇలాంటివాళ్లను మార్చడం ఎలా?

– పేరు వద్దు, హైదరాబాద్

సమాధానం: మీరు అడిగింది ఒకే ప్రశ్న గానీ ఉత్తరంలో ఉన్నవి రెండు వేరువేరు విషయాలు. అన్న చేసేది నోటి దురుసు. పోస్ట్‌డాక్‌ది లైంగిక వేధింపు. ఇద్దర్నీ "ఇలాంటివాళ్లు" అని ఒకే గాటన కడితే రెండు రకాలుగా నష్టం. కూర్చోబెట్టి మాట్లాడితే సరిపోయే అన్న వ్యవహారం పెద్ద నేరంలా తయారై ఆయన మొండికేస్తారు. పోస్ట్‌డాక్ చేసిన పనేమో మందలిస్తే సరిపోయే చిన్న విషయంలా తేలిపోతుంది. కాబట్టి విడదీసే మాట్లాడుకుందాం. ముందు ఆ అమ్మాయి సంగతి. అది ఆలస్యం చేసేది కాదు.

ఆమెకి 18 నిండాయో లేదో ముందు కనుక్కోండి. బీటెక్ మొదటి ఏడాదిలో 17 ఏళ్లవాళ్లు చాలామందే ఉంటారు. నిండకపోతే విషయం పోక్సో చట్టం కిందికి వస్తుంది. ఆ చట్టం ప్రకారం, తెలిసినవాళ్లు పోలీసులకి తెలియజేసి తీరాలి. ఎవరికీ చెప్పనని మీరు మాటిచ్చి ఉంటే అది అక్కడ నిలవదు. ఆ సంగతి ఆమెకి మీరే, మెల్లగా, ముందుగా చెప్పాలి. మీరు చెప్పకుండా ఆమెకి ఇంకో దారిలో తెలిస్తే, నమ్మిన ఒక్క మనిషీ మోసం చేసిందనుకుంటుంది.

18 నిండి ఉంటే ఏం చేయాలో తేల్చుకోవాల్సింది ఆమే. చెప్పొద్దంది కదా అని మీరు ఊరుకోవడం తప్పు, ఆమె మంచికే కదా అని మీరే పదిమందికీ చెప్పేయడం అంతకన్నా తప్పు. మీరు చేయగలిగింది, ఆమె దేనికి భయపడుతోందో అడగడం. మన ఇళ్లల్లో ఈ వయసు అమ్మాయిల భయం చాలాసార్లు మెసేజ్ పెట్టినవాడి గురించి ఉండదు. ఇంట్లో తెలిస్తే ఫోను తీసేసుకుంటారేమో, "అసలు నీకు ఆ ఆన్‌లైన్ పనులెందుకు" అని ప్రాజెక్టే మాన్పించేస్తారేమో అని ఉంటుంది. భయం అదే అయితే, ఇంట్లో చెప్పకుండానే చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయని ఆమెకి తెలియాలి. అసహ్యం వేసినా ఆ మెసేజ్‌లు చెరిపేయొద్దని చెప్పండి. తేదీ, సమయం, పంపినవాళ్ల నంబరు లేదా ఐడీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసుకుని ఇంకోచోట దాచుకోమనండి. కొన్ని యాప్‌లలో మెసేజ్‌లు వాటంతటవే మాయమైపోయే ఏర్పాటు ఉంటుంది, అవతలివాడు వెనక్కి తీసేసుకోవచ్చు కూడా. అందుకే ఈ పని ఇవాళే చేయాలి. బ్లాక్ చేయాలా వద్దా అన్నది స్క్రీన్‌షాట్లు తీశాక ఆమె ఇష్టం.

చట్టం సంగతి. పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపుల చట్టం 2013లో వచ్చింది. పదిమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. దానికి సీనియర్ మహిళ అధ్యక్షురాలు, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు, బయటి వ్యక్తి ఒకరు. ఉన్నత విద్యాసంస్థలకి, విద్యార్థులకి వర్తించేలా యూజీసీ విడిగా నిబంధనలు తెచ్చింది. పనిలో మేలు చేస్తానని ఆశ చూపించి అడగడాన్ని చట్టం ప్రత్యేకంగా పేర్కొంది. "వీడియో కాల్‌కి వస్తే నీ మార్పు కలిపేస్తా" అన్నది అచ్చంగా ఆ కోవలోదే. ఆమె మీ సంస్థలో ఉద్యోగి కాదు కదా అని ఎవరైనా అడ్డం చెప్పొచ్చు. చట్టంలో బాధితురాలంటే ఉద్యోగంలో ఉన్నా లేకున్నా, ఏ వయసు మహిళైనా అనే ఉంది. ఇక అడ్డం చెప్పడానికి మిగిలేది, ఇంటర్నెట్‌లో నడిచే స్వచ్ఛంద ప్రాజెక్టు "పని ప్రదేశం" అవుతుందా అన్నదే. మీ పోస్ట్‌డాక్ మీ సంస్థ జీతం తీసుకుంటూ, ఆ ఉద్యోగంలో భాగంగానే కోడు చూస్తున్నాడు. కాబట్టి మీ సంస్థ కమిటీ అంత తేలిగ్గా చేతులు దులుపుకోలేదు.

గడువు మాత్రం గుర్తుపెట్టుకోండి. జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. సరైన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలల దాకా పొడిగించగలదు. విచారణ 90 రోజుల్లో పూర్తిచేయాలి. ఇద్దరి పేర్లూ బయటపెట్టకూడదని చట్టమే చెబుతోంది. ఈ మాట ఆమెకి చాలా ధైర్యాన్నిస్తుంది, తప్పకుండా చెప్పండి. ఫిర్యాదు పెట్టకముందే కమిటీలోని బయటి సభ్యురాలితోనో సభ్యుడితోనో పేర్లు చెప్పకుండా "ఇలాంటిది జరిగితే మీరు తీసుకుంటారా" అని అడిగి చూడొచ్చు. కమిటీ వద్దనుకుంటే 181 మహిళా హెల్ప్‌లైన్ ఉంది, పోలీసులున్నారు.

ఆమె ఏమీ నిర్ణయించుకోకపోయినా ప్రాజెక్టులో మీరు రేపే చేయగలిగిన పని ఒకటుంది. కొత్తవాళ్లు పంపే ప్రతి మార్పునీ ఇద్దరు చూడాలి, మార్పు గురించిన మాటలన్నీ దాని కిందే అందరికీ కనిపించేలా జరగాలి, ప్రాజెక్టు పనికి విడి మెసేజ్‌లు వద్దు. ఇది అందరికీ వర్తించే పద్ధతిగా ప్రకటించండి. ఎవరి పేరూ రాదు, ఎవరి మీదా వేలు చూపినట్టు ఉండదు. తన చేతిలో ఉన్న "కలుపుతా, కలపను" అనే తాళంచెవి మాత్రం పోస్ట్‌డాక్‌ నుంచి జారిపోతుంది. ఆ అమ్మాయి మార్పుని ఇంకొకరు చూడమనండి. బాగుంటే కలపాలి, బాగోకపోతే ఎందుకు బాగోలేదో రాయాలి. పాపం కదా అని కలిపేయకండి. ఆమె జాలి కోసం కోడు పంపలేదు.

పోస్ట్‌డాక్‌ని మీరు విడిగా నిలదీయొద్దు. మీ కోపం న్యాయమైనదే. కానీ మీరు అడిగిన మరుక్షణం ఎవరు చెప్పారో అతనికి అర్థమైపోతుంది. ఆ రాత్రే ఆమెకి ఫోన్ వెళ్తుంది.

ఇక అన్న. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆపిన వాక్యం "నీకు పీహెచ్‌డీ సీటు ఎవరిచ్చారు?" కాదు. ఇద్దరు మానేశారు అన్నది. వాళ్లు ఎందుకు మానేశారో మీకు తెలుసు. మాట పడతామని అసలు నోరే తెరవని వాళ్లు ఎంతమందో మీకూ తెలియదు, అన్నకీ తెలియదు. మామూలు సాఫ్ట్‌వేర్‌లో దీనివల్ల మనుషులు వదిలి వెళ్లిపోతారు. సైన్స్ సాఫ్ట్‌వేర్‌లో జవాబులు కూడా తప్పుతాయి.

ఒక నిజమైన కథ చెబుతాను. రసాయనశాస్త్రంలో అణువుల నిర్మాణం తేల్చుకోవడానికి ఎన్ఎంఆర్ లెక్కలు చేసే పైథాన్ స్క్రిప్టులు 2014లో నేచర్ ప్రోటోకాల్స్ పత్రికలో వచ్చాయి. విల్లోబీ–హోయ్ స్క్రిప్టులంటారు. చాలామంది వాడారు. 2019లో హవాయి యూనివర్సిటీలో ఒక పరిశోధక విద్యార్థి వాటితో లెక్కచేస్తే ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక్కో జవాబు వచ్చింది. చివరికి తేలిందేమిటంటే, ఫోల్డర్‌లోని ఫైళ్లు ఎప్పుడూ ఒకే వరసలో వస్తాయని స్క్రిప్టు నమ్ముకుంది. పైథాన్ అలాంటి హామీ ఏదీ ఇవ్వదు. కొన్ని సిస్టమ్‌లలో అదృష్టం కొద్దీ వరస కుదిరేది, కొన్నిట్లో కుదిరేది కాదు. అప్పటికి ఆ స్క్రిప్టులని ఉదహరించిన పత్రాలు 150 దాటాయి. స్క్రిప్టు రాసినాయన ఆ విద్యార్థి బృందాన్ని బహిరంగంగా మెచ్చుకున్నాడు, సైన్స్ ముందుకు నడిచేది ఇలాగే అన్నాడు.

ఆ విద్యార్థి మీ ప్రాజెక్టులో ఉన్నాడనుకోండి. "నా కంప్యూటర్‌లో జవాబు వేరేగా వస్తోంది అన్నా" అని రాస్తాడు. అన్న ఏమని జవాబిస్తారు? "ముందు నీ కంప్యూటర్ సరిగ్గా పెట్టుకుని రా" అనేగా? వాడు వెళ్లిపోతాడు. తప్పు అక్కడే ఉండిపోతుంది, ఇంకో అయిదేళ్లు.

మీ వర్షపాతం లెక్కల్లోనే చూడండి. మన వాతావరణ శాఖ రోజువారీ వర్షం అంటే ముందురోజు ఉదయం 8:30 నుంచి ఆ రోజు ఉదయం 8:30 దాకా పడింది. ఉపగ్రహ డేటాలో రోజు సాధారణంగా యూటీసీ లెక్కన, అంటే మనకి తెల్లవారుజామున 5:30కి మారుతుంది. ఈ రెండిటినీ తేదీ చూసి పక్కపక్కన పెట్టేస్తే తుపాను రోజున పడిన వాన ఒక డేటాలో ఇవాళ, ఇంకోదాంట్లో రేపు కనిపిస్తుంది. దీన్ని పట్టుకోగలిగిన ప్రశ్న ఎంత చిన్నదో చూడండి: "అన్నా, ఇందులో రోజు అంటే ఎప్పటినుంచి ఎప్పటిదాకా?" ఇంత "పిచ్చి" ప్రశ్న అడగడానికి ఎంత నిర్భయం కావాలి! అడిగేది కూడా కోడు బాగా వచ్చినవాడు కాకపోవచ్చు. వ్యవసాయ విశ్వవిద్యాలయంలో రెయిన్‌గేజ్ దగ్గర నిలబడి రోజూ కొలత రాసుకున్న మనిషి కావచ్చు. కోడులో ఆయన అన్నకి సాటి రాడు, వానలో అన్న ఆయనకి సాటి రాడు. సైన్స్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లలో ఎక్కువమంది ఇలాంటివాళ్లే. మర్యాద వీళ్ల మనసు నొచ్చుకోకుండా ఉండటానికి మాత్రమే అనుకుంటే అన్న దాన్ని పట్టించుకోరు. లెక్క తప్పకుండా ఉండటానికి అంటే, ఆయన వింటారని నా నమ్మకం. ఆయనకి ఆ లెక్కలంటే ప్రేమ ఉండబట్టే ఇన్నాళ్లు జీతం లేకుండా రాస్తున్నారు.

అందుకే ఆయన్ని మెతకగా ఉండమని అడగకండి. తప్పు కోడుని తప్పనే చెప్పాలి, కలపకూడదంటే కలపకూడదు. కానీ చూడండి, "ఇది కోడా, చెత్తా?" అన్నదాంట్లో ఆ కోడులో తప్పేమిటో ఒక్క ముక్క లేదు. చదివినవాడికి కన్నీళ్లొస్తాయి గానీ కోడు బాగుపడదు. దానికి బదులు ఇలా రాశారనుకోండి: "రికార్డు లేని రోజుకి మైనస్ 999 అని ఉంటుంది. నువ్వు దాన్ని సున్నా చేశావు. వాన పడని రోజు, కొలవని రోజు ఒకటి కాదు, సగటు తగ్గిపోతుంది. దీన్ని ఇలా కలపను. రికార్డు లేని రోజుల్ని వదిలేసేలా మార్చి, దానికో టెస్ట్ రాసి పంపు." ఇందులో ఒక్క మెచ్చుకోలు లేదు, తియ్యటి మాట లేదు, నిర్మొహమాటంగా వద్దంది కూడా. అయినా ఇది చదివినవాడు రేపు మళ్లీ కోడు పంపుతాడు.

ఆయన వైపు నుంచి కూడా కాస్త ఆలోచించండి. పగలంతా ఉద్యోగం, రాత్రి పిల్లలు పడుకున్నాక మీ ప్రాజెక్టు. ఇన్‌స్టాల్ అవ్వట్లేదు అన్న ప్రశ్న వందోసారి. చిరాకు రాకుండా ఎలా ఉంటుంది? చిరాకు తగ్గించే పనులు మీ చేతుల్లో ఉన్నాయి. కొత్తవాళ్లు ఎలా మొదలుపెట్టాలో ఒక పేజీ మీరు రాయండి, తెలుగులో కూడా రాయండి. ఖాళీలు, లైను పొడవు, కామాల గురించి చెప్పే పనిని బ్లాక్, రఫ్ లాంటి పరికరాలకి అప్పజెప్పండి. ఆ చిన్న విషయాల మీద మనిషి చెబితే గొడవ, మెషీన్ చెబితే ఎవరికీ కోపం రాదు. మొదటి రివ్యూ మీరో పుణె వాళ్లో చేసి, లెక్కలకి సంబంధించిన భాగమే అన్న దగ్గరికి పంపండి. ఇదంతా చేశాక కూడా ఆయన అలాగే రాస్తే, అప్పుడు అలసట అన్న సాకు ఉండదు.

మాట్లాడేది మీరు కావద్దు. ఆయన గౌరవించే, ఆయనతో సమానంగా నిలబడగలిగే మనిషి కావాలి. మీ గైడ్ లేదా జర్మనీ వాళ్లలో ఒకరు. ఫోన్‌లో మాట్లాడాలి, గ్రూపులో కాదు. ఆయన రాసిన మూడు కామెంట్లు ఎదురుగా పెట్టుకుని వాటి గురించే మాట్లాడాలి. మనలో ఒక అలవాటుంది. అన్న అని పిలిచామంటే ఇక ఎదురుగా ఏదీ చెప్పం. ముందు "అవునన్నా" అంటాం, వెనక గంటలకొద్దీ చెప్పుకుంటాం. ఇన్నేళ్లలో ఆయన మొహం మీద "మీ మాట వల్ల ఇద్దరు మానేశారు" అని ఎవరైనా చెప్పారా? చెప్పి ఉండరని నా అనుమానం. చాలామంది ఆ మాటకే తగ్గుతారు. కొందరు "నేనింతే" అంటారు. అలా అంటే తర్వాతి మెట్టు రాతపూర్వక హెచ్చరిక, ఆ తర్వాత కొన్నాళ్లు రివ్యూ చేసే హక్కు ఆపడం.

వెళ్లిపోతారేమో అని మీ గైడ్ భయం. వెళ్లొచ్చు. 2018 సెప్టెంబరులో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కర్త లైనస్ టోర్వాల్డ్స్, ఏళ్లతరబడి ఈమెయిళ్లలో తోటివాళ్ల మీద విరుచుకుపడిన తన తీరుకి క్షమాపణ చెప్పి కొంతకాలం పక్కకి తప్పుకున్నాడు. అదే సమయంలో లినక్స్ ప్రాజెక్టు కొత్త ప్రవర్తనా నియమావళి తెచ్చుకుంది. లినక్స్ అంతమైపోయిందని అప్పుడు అన్నవాళ్లకి కొదవలేదు. ఆయన లేని ఆ రోజుల్లో గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ పగ్గాలు పట్టి, అక్టోబరులో 4.19 వెర్షన్‌ని విడుదల చేశాడు. అదే నెలలో టోర్వాల్డ్స్ తిరిగొచ్చి పనిలో పడ్డాడు. మీది లినక్స్ అంత పెద్దది కాదని నాకు తెలుసు, ఒక్క మనిషి పోతే మీకు దెబ్బే. కానీ ఆ దెబ్బకి కారణం నియమావళి కాదు, అంతా ఒక్కరి చేతిలో పెట్టుకోవడం. ఆయనకి రేపు కొత్త ఉద్యోగం వచ్చినా, జ్వరం వచ్చినా ఇదే పరిస్థితి. విడుదల చేసే పాస్‌వర్డులు, వెబ్‌సైటు డొమైన్, ప్యాకేజీ ఖాతా హక్కులు కనీసం ముగ్గురి దగ్గర ఉండేలా చూడండి. దొంగచాటుగా వద్దు. అన్నకి చెప్పే, ఆయన చేతనే చేయించండి.

ఇంకో చిన్న సంగతి. మీ ఉత్తరంలో లేదు గానీ ఇలాంటి ప్రాజెక్టుల్లో మనవాళ్లకి విడిగా ఒక తెలుగు వాట్సాప్ గ్రూపు ఉండటం మామూలే. జోకులకి, సంక్రాంతి శుభాకాంక్షలకి ఉంటే ఉండనివ్వండి. ప్రాజెక్టు నిర్ణయాలు అక్కడ తీసుకుంటుంటే మాత్రం పుణె వాళ్లనీ, జర్మనీ వాళ్లనీ తలుపు బయట నిలబెట్టినట్టే. అక్కడ మాట్లాడుకున్నదానికి రికార్డూ ఉండదు.

మీరు పంపిన నియమావళి చూశాను. కాంట్రిబ్యూటర్ కవనెంట్ అన్న పేరుతో 2014 నుంచి వాడుకలో ఉన్నది, మంచిదే. కానీ ఫిర్యాదు ఎవరికి చేయాలో రాసుకోమని వదిలిన ఖాళీ బ్రాకెట్ మీ ఫైలులో ఇంకా ఖాళీగానే ఉంది! చాలా ప్రాజెక్టుల్లో ఇదే కనిపిస్తుంది. ఎవరూ చదవలేదని బాధపడ్డారు కదా, ఒకవేళ గుంటూరు అమ్మాయి చదివి ఉంటే? ఎవరికి రాయాలో వెతికి, దొరక్క, మీకు మెసేజ్ పెట్టి ఉండొచ్చు. పేరాలకి పేరాల ఆదర్శాల కన్నా ఆ ఖాళీలో రెండు పేర్లు, ఒక ఈమెయిల్ ఎక్కువ పనిచేస్తాయి.

ఫిర్యాదు వచ్చాక ఏం జరుగుతుందో కూడా రాయండి. పైథాన్‌లో అంకెల లెక్కలకి వాడే నంపై అనే లైబ్రరీ ప్రాజెక్టు రాసుకున్నది నాకు బాగా నచ్చుతుంది. వచ్చిన ఫిర్యాదుకి వీలైనంత త్వరగా, ఎంత ఆలస్యమైనా 72 గంటల్లోపు జవాబు ఇస్తారు. తీవ్రమైనది కాకపోతే ముందు మాట్లాడి చూస్తారు, తర్వాత ఇద్దరూ ఒప్పుకుంటేనే మధ్యవర్తిత్వం, అప్పటికీ కుదరకపోతే కమిటీ నిర్ణయం. "ఇద్దరూ ఒప్పుకుంటేనే" అన్నది మీరు గట్టిగా పట్టుకోవాలి. మన దగ్గర పెద్దలు ఇద్దర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి, చేతులు కలిపించి పంపేస్తుంటారు. అన్నతో, మానేసిన జూనియర్లతో అది పనిచేయొచ్చు. ఆ అమ్మాయిని పోస్ట్‌డాక్ ఎదురుగా కూర్చోబెట్టడం మాత్రం ఇంకో శిక్ష. అలాంటి ప్రతిపాదన ఎవరు తెచ్చినా ఒప్పుకోకండి.

ఆరోపణ ఎదుర్కొనేవాళ్లకీ న్యాయం జరగాలి. అన్న విషయంలో ఇది మరీ ముఖ్యం. 2020లో కోవిడ్ వల్ల ఆన్‌లైన్‌లో జరిగిన జూపిటర్‌కాన్ అనే సాఫ్ట్‌వేర్ సభలో జెరెమీ హోవర్డ్ అనే పరిశోధకుడు ప్రసంగించాడు. అంతకుముందు ఇంకొకరు జూపిటర్ నోట్‌బుక్‌లని (కోడు, వివరణ ఒకేచోట రాసుకునే సాఫ్ట్‌వేర్) తిడుతూ ఇచ్చిన ప్రసంగానికి అది సరదా జవాబు. కొన్నాళ్లకి ఆయన మీద ఫిర్యాదు వచ్చిందన్నారు. ఫిర్యాదు ఏమిటో ముందుగా చెప్పకుండానే కాల్‌కి పిలిచి, నియమావళి ఉల్లంఘించావన్నారు. తన అనుభవాన్ని ఆయన బయటపెట్టాక, సభ నడిపిన నమ్‌ఫోకస్ సంస్థ బహిరంగంగా క్షమాపణ చెప్పింది. సభ వాళ్ల ఉద్దేశం మంచిదే. కానీ ఎదుటివాడి మాట వినకముందే తీర్పు తయారైంది. ఇలాంటిది మీ దగ్గర ఒక్కసారి జరిగినా నియమావళి అంటే కక్ష తీర్చుకునే ఆయుధమని అందరూ అనుకుంటారు. అన్నకి ఏ కామెంటు గురించో ముందే చెప్పండి, ఆయన చెప్పేది విని రాసుకోండి, ఆ తర్వాతే నిర్ణయం. ఆయన అల్గారిథం తప్పని ఎవరైనా వాదిస్తే, లేదా ఆయన ఒకరి అల్గారిథం తప్పంటే, అది వేధింపు కాదని కూడా మీ ఫైలులో ఒక వాక్యం రాయండి.

మీ గైడ్‌తో ఎలా మాట్లాడాలి? మీ డిగ్రీ ఆయన సంతకం మీద ఉంది, ఆయనతో పోట్లాడమని నేను చెప్పను. ఇంకో సీనియర్‌ని తోడు తీసుకెళ్లండి. మానేసిన ఇద్దరి పని ఎక్కడ ఆగిందో, ఏ లెక్కలు ఎవరూ సరిచూడకుండా వెళ్లాయో చూపించండి. ప్రాజెక్టు నిధులు ఇచ్చేవాళ్లు, పత్రిక రివ్యూయర్లు అడిగే ప్రశ్నలు అవే కాబట్టి ఆయనకి అర్థమవుతాయి. మాట్లాడాక ఆ సంగతులే మర్యాదగా ఒక ఈమెయిల్‌లో రాసి పంపండి. ఈ సంభాషణ అన్న గురించే. పోస్ట్‌డాక్ విషయం ఆ అమ్మాయి ఒప్పుకోకుండా ఆయన దగ్గర ఎత్తకండి. ఆమె ఫిర్యాదు చేయాలనుకుంటే అంతర్గత కమిటీకి వెళ్లడానికి గైడ్ అనుమతి అక్కర్లేదు, ఆమెకీ అక్కర్లేదు, మీకూ అక్కర్లేదు. ఆయన "సర్దుకుపోండమ్మా" అన్నది అన్న గురించి. దాన్ని దీనికి కూడా జవాబుగా మీరే అనేసుకోకండి.

చివరిగా మీరు అడగనిది ఒకటి. ప్రాజెక్టులో ఫిర్యాదులు వినే కమిటీ వేస్తారు కదా, అందులో మీరు ఉండకండి. ఉండాలనిపిస్తుంది, ఉండమని అడుగుతారు కూడా, ఎందుకంటే ఇప్పటిదాకా అన్నీ విన్నది మీరే. కానీ మీరు ఆ గైడ్ విద్యార్థి, ఆ పోస్ట్‌డాక్ పక్క బల్ల మీద పనిచేస్తారు, ఒక పక్షం కథ ముందే విన్నారు. ముగ్గురు చాలు. ఇద్దరు మీ ల్యాబ్ బయటివాళ్లు, కనీసం ఒకరు మహిళ, ఎవరి మీద ఫిర్యాదు వస్తే వాళ్లు, వాళ్ల దగ్గర పనిచేసేవాళ్లు పక్కకి తప్పుకోవాలన్న షరతు. ఖగోళ శాస్త్రవేత్తల ఆస్ట్రోపై ప్రాజెక్టులో రహస్యంగా వినడానికి ఆంబుడ్స్‌పర్సన్ అని ఒక బాధ్యతే విడిగా ఉంది. మీకంత అవసరం లేదు గానీ, పుణె నుంచి ఒకర్ని, మీ రంగానికి సంబంధం లేని ప్రొఫెసర్ ఒకర్ని అడిగితే కాదనరు. కమిటీ పేర్లు ఫైలులో ఎక్కిన రోజున, ఇన్నాళ్లూ మీ ఫోన్‌కి వచ్చిన మెసేజ్‌లు వాళ్లకి వెళ్తాయి. మీ థీసిస్ మూడో అధ్యాయం ఎక్కడిదాకా వచ్చిందో అప్పుడు చూసుకోవచ్చు.